చీకటి పడ్డాక తెరుచుకునే తోట

సికింద్రాబాద్‌లో తోటలు మొదటి నుంచీ రెండు రకాలు. బొల్లారం, తిరుమలగిరి వైపు వెళ్తే కాంపౌండు తోటలు కనిపిస్తాయి: గేటు, గేటు నుంచి బంగళా దాకా దారి, దారికి రెండు పక్కలా కుండీలు, వాటిని కనిపెట్టుకుని ఓ మాలీ. రెండో రకం చూడాలంటే రైల్వే స్టేషన్ దగ్గర రెజిమెంటల్ బజార్ సందుల్లోకి తిరిగి ఏ ఇంటి డాబా అయినా ఎక్కండి. పెయింటు డబ్బాలు, నూనె టిన్నులు, చెవి ఊడిన బకెట్లు, పాత సింకు, చేపలొచ్చిన థర్మకోల్ పెట్టె, అన్నీ పిట్టగోడ వెంట వరసగా ఉంటాయి. అన్నిట్లోనూ ఏదో ఒక మొక్క. మాలీ అంటారా, ఆ పూట ఇంట్లో ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళే.

ఈ తేడా నిన్నమొన్న వచ్చింది కాదు. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన కంపెనీ పటాలాలు దిగాయి. 1806లో ఆ కంటోన్మెంటుకు మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. పటాలం దిగిన చోట బజారు పుట్టి తీరాలి. బియ్యం, పప్పు, గుర్రాలకు దాణా, సిపాయిలకు బట్టలు, దొరలకు కోడిగుడ్లు, ఇవన్నీ ఎవరో ఒకరు తెచ్చి అమ్మాలి. మద్రాసు పటాలాల వెంట వచ్చిన తమిళ మొదలియార్లు, వాళ్ళ పక్కన తెలుగువాళ్ళు, మరాఠీలు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు అలా ఈ చుట్టుపక్కల స్థిరపడ్డారు. దొరకు బంగళా చుట్టూ ఎకరాలు దక్కాయి. బజారువాడికి కొట్టు, కొట్టు వెనక రెండు గదులు, అదృష్టం బాగుంటే పైన ఓ మిద్దె. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు వచ్చింది. రైలుతో పాటు జనమూ వచ్చారు. ఇక ఇంటి ముందు మొక్క నాటుకునేంత నేల ఈ పేటలో ఎవరికి మిగులుతుంది?

బొల్లారంలో 1860లో కట్టిన రెసిడెన్సీ బంగళాయే ఇప్పటి రాష్ట్రపతి నిలయం. దాని ఆవరణ 90 ఎకరాలు. 2023 ఉగాది నుంచి ఏడాది పొడవునా జనాన్ని రానిస్తున్నారు. వంటింటి నుంచి భోజనాల గదికి వేసిన సొరంగం, దాని గోడల మీద చేర్యాల బొమ్మలు పిల్లలకు బాగా నచ్చుతాయి. తప్పకుండా వెళ్ళండి. ఏప్రిల్ మధ్యాహ్నం మాత్రం వద్దు. ఆ వేళ తొంభై ఎకరాలైనా, తొమ్మిది డబ్బాలైనా ఎండకు ఒకటే.

పంచాంగంలో వసంతం, స్లాబు మీద వసంతం

చైత్ర వైశాఖాలు వసంత రుతువని పంచాంగం చెబుతుంది. రెజిమెంటల్ బజార్‌లో ఉగాది పచ్చడి తిన్న కొన్నాళ్ళకే స్లాబు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఏప్రిల్ నెలాఖరుకు భరణి కార్తె వస్తుంది, ఎండ నలభైకి అటూ ఇటూ ఊగుతుంది. మే ఆఖరున రోహిణి రానే ఉంది, రోళ్ళు పగిలేది అప్పుడే. రైల్వే క్వార్టర్లలో తురాయి చెట్లు ఎర్రగా మండుతూ, అక్కడక్కడా రేల పూలు పచ్చగా వేలాడుతూ ఉంటాయి గనక సరిపోయింది. లేకపోతే ఇది వసంతమంటే నమ్మేవాళ్ళు ఉండరు.

ఇంగ్లీషువాళ్ళకు ఈ లెక్క కుదరలేదు. వాళ్ళ దేశంలో మే నెల తోటల పండగ. లండన్‌లో చెల్సీ పూల ప్రదర్శన 1913లో మొదలైంది, ఇప్పటికీ ప్రతి మే నెలలో జనం విరగబడి వెళ్తారు. ఇక్కడేమో పాన్సీ, ఫ్లాక్స్, స్వీట్ పీ విత్తనాలు అక్టోబరులో చల్లితే జనవరికి పూస్తాయి, మార్చి ఎండకు మాడిపోతాయి. కంటోన్మెంటు తోటకు అందువల్ల చలికాలమే వసంతమైంది. మొన్నమొన్నటి దాకా మన తోటపని పుస్తకాల్లో చాలావరకు ఆ లెక్కనే పట్టుకున్నాయి, ఎండాకాలం వచ్చిందంటే మొక్కను బతికించుకుంటే చాలన్నట్టు రాశాయి. డబ్బాల తోటవాళ్ళు ఆ పుస్తకాలు చదవలేదు, అది మేలే అయింది. వాళ్ళకు అసలు సీజను ఇదే. కారణం మల్లె.

ఎండాకాలపు తోటలో కంటికి దొరికేది తక్కువ. ఆకు వాలిపోయి ఉంటుంది, దుమ్ము పట్టి ఉంటుంది. పగలు దాని జోలికి వెళ్ళక్కర్లేదు. పొద్దు వాలాక ముక్కుతో, అరికాళ్ళతో, వీపుకు తగిలే గాలితో అనుభవించాల్సిన తోట అది. ఈ పేటలో శని, ఆదివారాల సాయంత్రాలు డాబాల మీద జరిగేదంతా ఆ రెండు మూడు గంటల కోసమే.

రేపటి మొగ్గ, ఇవాళ్టి మొగ్గ

మల్లెకు అసలు పని చలికాలంలోనే. డిసెంబరు, జనవరిలో నీళ్ళు బిగబట్టి, ఆకు దూసేసి, కొమ్మల్ని మోకాలెత్తుకు కత్తిరిస్తారు. చూసినవాళ్ళకు చెట్టు చచ్చిందనిపిస్తుంది. తర్వాత కుండీ మట్టి గుల్ల చేసి, మాగిన పశువుల ఎరువు గుప్పెడు, వేపపిండి కాస్త వేసి మళ్ళీ నీళ్ళు మొదలుపెడితే ప్రతి కొమ్మ నుంచీ కొత్త చిగుళ్ళు పొడుచుకొస్తాయి. మల్లె మొగ్గ వేసేది ఆ కొత్త చిగురు కొసనే. పాత కొమ్మ మీద జాలిపడి కత్తెర వెయ్యనివాళ్ళకు ఆకులే మిగులుతాయి. మార్చిలో రెండు మూడు మొగ్గలతో మొదలై ఏప్రిల్, మే నెలల్లో విరగపూస్తుంది. రోజుకు ఆరేడు గంటల ఎండ కావాలి దానికి. పేటలో దండిగా దొరికే ఒకే ఒక్క ఎరువు అది, దానికి పైసా ఖర్చు లేదు.

కోసేది సాయంత్రం. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటి డాబా మీద ఆయన భార్య మొగ్గలు కోస్తుంటే చూశాను. చెట్టు నిండా మొగ్గలే ఉన్నా ఆవిడ చెయ్యి కొన్నిటి మీదే ఆగుతోంది. సాయం చేద్దామని నేనో మొగ్గ పట్టుకోగానే, “అది ముట్టకు బిడ్డా, పచ్చగున్నది జూడు. అది రేపటిది. తెల్లగ బలిసినయే కొయ్యాలె” అంది. దగ్గరికి వంగి చూస్తే తేడా తెలుస్తుంది. రేపటి మొగ్గ కొస లేతాకుపచ్చగా, గట్టిగా, మూతి బిగించుకుని ఉంటుంది. ఇవాళ్టిది పాలతెలుపు. కాడ దగ్గర కాస్త ఉబ్బి, వేళ్ళతో తాకితే ఊరికే ఊడి వస్తుంది. ఐదింటికి కోసిన మొగ్గను తడిగుడ్డలో మూట కడితే ఏడున్నరకల్లా విచ్చుకుంటుంది. కొయ్యకుండా వదిలేస్తే చెట్టు మీదే పూసి డాబా అంతా వాసన గుప్పుమంటుంది. ఆ ఇంట్లో దీనికో కట్టుబాటు ఉంది: శనివారం దాకా కోస్తారు, ఆదివారం చెట్టుకే వదిలేస్తారు. “వారమంత తలల పెట్టుకుంటిమి, ఒక్క పూట చెట్టును గూడ పెట్టుకోనియ్యాలె గద” అని ఆవిడ వాదన.

కట్టడంలో ఒక్కో ఇంటిది ఒక్కో పద్ధతి. అరటినార తడిపి కట్టేవాళ్ళున్నారు, ఇప్పుడు ఎక్కువమంది దారమే వాడుతున్నారు. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, కాడల మీదుగా మెలి తిప్పి ఒక లాగు. తమిళ ఇళ్ళలో మధ్య మధ్య కనకాంబరం, మరువం కలిపి కడతారు. బొటనవేలు దారం మీద నడిచే వేగం చూస్తే మాటలు ఆగిపోతాయి, వాళ్ళ మాటలు మాత్రం ఆగవు. ఇంట్లో చెట్టు లేనివాళ్ళకు మోండా మార్కెట్ ఉండనే ఉంది. పూలమ్మేవాళ్ళ మూర మోచేతి దగ్గర మొదలై మధ్యవేలి కొస దాకా పోవాలి. మోండాలో అది మణికట్టు దాటగానే ఆగిపోతుందని పేటలో ఆడవాళ్ళందరి ఫిర్యాదు. పొడుగుచేతుల అమ్మి దగ్గర కొనుక్కోవడమే దీనికి మందు.

మొదటి బకెట్టు స్లాబుకే

కాంక్రీటు పగలంతా వేడి తాగి, రాత్రంతా కక్కుతుంది. అందుకని డాబా మీద కూర్చోవాలంటే ముందు దాన్ని చల్లార్చాలి. ఆరింటికి మొదటి బకెట్టు పోస్తే చుయ్యిమని ఆవిరి లేస్తుంది, అరనిమిషంలో తడి మాయం. రెండోది కాస్త నిలుస్తుంది. మూడో బకెట్టుకు అరికాలు ఆనుతుంది. ఆరిపోయే ప్రతి చుక్కా స్లాబులో వేడిని కొంత పట్టుకుపోతుంది. కుండ నీటికి చల్లదనం వచ్చేదీ ఈ దారినే. తర్వాత చాపలు, మడత మంచాలు, మూలన ఇసుక మీద నిలబెట్టిన రంజన్, ముంజెల పొట్లం. స్టేషన్‌లో “దయచేసి వినండి” అంటూ మైకు మూడు భాషల్లో చదివే రైళ్ళ పట్టిక పైదాకా వినిపిస్తూనే ఉంటుంది. కొత్తవాళ్ళకు రొద, ఈ పేటవాళ్ళకు గడియారం. ఏ బండి ఎంత లేటో చూడకుండా చెప్పగలరు.

అన్ని నీళ్ళు ఎక్కడివని అడిగేవాళ్ళు ఉంటారు, న్యాయమే. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా బిల్లు లేదు గానీ, ఉచితమని తాగే నీటిని స్లాబు మీద పోస్తే పాపమే. తెలిసినవాళ్ళు అలా చెయ్యరు. బియ్యం, పప్పు కడిగినవి తోటకు, బట్టలు ఆఖరిసారి జాడించినవి స్లాబుకు. వాటర్ ఫిల్టర్ వదిలేసే నీళ్ళలో ఉప్పు ఎక్కువ, వాటితో నేల కడగొచ్చు. మొక్కకు రోజూ అవే పోస్తే ఆకు అంచులు మాడతాయి. ఏసీ పైపు కింద బకెట్టు పెడితే పట్టే నీళ్ళు మాత్రం మొక్కకు భేషుగ్గా పనికొస్తాయి, అందులో ఉప్పే ఉండదు. పొద్దున ఏడు లోపు ఒకసారి నిండుగా పోసి, సాయంత్రం ఆకుల మీద చిలకరిస్తే సరి. నడి మధ్యాహ్నం మొక్క వాడిపోయిందని కంగారుపడి మరుగుతున్న పైపు నీళ్ళు పోసేవాళ్ళే ఎక్కువ మొక్కల్ని చంపుతారు. సాయంత్రానికి దానంతటదే తలెత్తుతుంది, కాసేపు ఓపిక పట్టాలి.

స్టేషన్ పాత భవనం తీసేసి కొత్తది కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి ఆకులు కడగడం ఈ డాబాలకు అదనపు పని అయింది. దుమ్ము పట్టిన ఆకు ఊపిరాడక ఉంటుంది, ఎర్రనల్లి కూడా అక్కడే చేరుతుంది.

ఈ ఎండకు ఏం పెంచాలన్న దాంట్లో మొండితనం పనికిరాదు. పగలు 35 దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత రాలిపోతుంది. కొత్తిమీర మొలవదు, మొలిచినా నాలుగు ఆకులకే పువ్వుకొస్తుంది. బజారులో కట్ట ధర ఎండల్లో పెరిగేది అందుకే. తోటకూర, గోంగూర, బచ్చలి మాత్రం ఎండను లెక్కచెయ్యవు. థర్మకోల్ పెట్టెలో చల్లిన తోటకూర నెల తిరక్కుండా పప్పులోకి వస్తుంది. ‘మిద్దె తోట’ అన్న మాటను తెలుగిళ్ళలో వాడుక చేసినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిని. నారపల్లిలో తన ఇంటి మీదే పండించి చూపించారు. ఆయన్ని చూసి ఉత్సాహపడేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి: ఘనమీటరు తడిమట్టి టన్నున్నర దాటి తూగుతుంది. రెజిమెంటల్ బజార్ పాత మిద్దెలు అంత బరువు మొయ్యవు. మట్టిలో కొబ్బరిపొట్టు, కంపోస్టు ఎక్కువ కలిపి తేలిక చేసుకోవాలి, డబ్బాల్ని స్లాబు నడిమిన కాకుండా గోడల మీదకు వచ్చేలా సర్దుకోవాలి.

కూరలు సరే, ఈ కాలంలో నన్ను ఆపేసేది మే ఫ్లవర్. ఏడాదంతా అది ఉందన్న సంగతే గుర్తుండదు. చలికాలంలో ఆకు ఎండిపోయి గడ్డ మట్టిలో పడి నిద్రపోతుంది, కుండీ ఖాళీ అనుకుని అందులో సిగరెట్ పీకలు కుక్కేవాళ్ళూ ఉన్నారు. ఏప్రిల్ ఆఖర్న ఒకనాడు మట్టి పగిలి మచ్చల మచ్చల లావుపాటి కాడ లేస్తుంది. ఆకు కంటే ముందు పువ్వు. నాలుగైదు రోజుల్లో ఎర్రటి బంతి విచ్చుకుంటుంది, దగ్గరగా చూస్తే అది ఒక పువ్వు కాదు, పదుల కొద్దీ చిన్న చిన్న పూలు, ఒక్కోదాని నుంచి పసుపు పుప్పొడి తలలతో కేసరాలు. పుట్టిల్లు ఆఫ్రికా. ఇక్కడ బంగళాల్లోనూ ఉంది, నూనె టిన్నుల్లోనూ ఉంది. పక్కన పిల్ల గడ్డలు వేస్తుంది గనక డబ్బు పెట్టి కొన్నవాళ్ళు తక్కువ, అడిగి తెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ. సికింద్రాబాద్‌లో రెండు రకాల తోటలకూ చుట్టరికం కలిపిన మొక్క బహుశా ఇదొక్కటే.

ఆదివారం పొద్దున

ఆదివారం పొద్దున ఆరింటికే డాబా మీద చోటు కోసం పోటీ. కుండీలకు నీడ కావాలి, సగ్గుబియ్యం వడియాలకు ఎండ కావాలి. ఎనిమిదింటిలోపు పాత పంచె మీద గంజి వడియాలు పెట్టడం పూర్తయిపోవాలి, కాకుల కాపలాకు సెలవుల్లో ఉన్న పిల్లాడొకడు కావాలి. కింద మగవాళ్ళు మోండా నుంచి మామిడికాయ ముక్కలు కొట్టించుకుని వస్తారు. ప్రతి ముక్కకూ టెంక ఉండాలి, జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడవాలి. ఒక వాటాలో ఆవపిండి దండిగా పడుతుంది, పక్క వాటాలో అల్లం వెల్లుల్లి ముద్ద లేకపోతే అది ఆవకాయే కాదంటారు. ఈ వాదం ఏటా జరుగుతుంది, ఏటా రెండు ఇళ్ళూ చెరో గిన్నె మార్చుకుంటాయి. స్టేషన్ ఎదుట ఆల్ఫాలో ఇరానీ చాయ్ తాగొస్తామని వెళ్ళినవాళ్ళు ఎప్పుడొస్తారో చెప్పలేం.

పదింటికి ఇంకో పని. కుండీల కింద పళ్ళాలు, మూత లేని డ్రమ్ములు, కూలర్ అడుగు, అన్నీ ఒంపి ఆరబెట్టాలి. డెంగీ తెచ్చే దోమ గుడ్డు దశ నుంచి రెక్కలు విప్పుకోవడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికొకసారి ఒంపేస్తే దాని బతుకు అక్కడితో సరి. 2020 మేలో పురపాలక శాఖ ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అని ప్రచారం మొదలుపెట్టింది ఈ లెక్క మీదే. ప్రచారం జోరు తగ్గింది గానీ దోమ జోరు తగ్గలేదు. ఈ ఊరివాళ్ళం దీన్ని మరీ మర్చిపోకూడదు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది ఇక్కడే, బేగంపేటలో. తోట పెంచుతున్నామన్న సంబరంలో దోమల్ని పెంచితే ఆయన పడ్డ శ్రమంతా వృథా.

ఒంపేటప్పుడు ఒక్క పళ్ళెం వదిలెయ్యాలి. పిట్టలది. దాన్ని రోజూ కడిగి, నీళ్ళు మారిస్తే దోమ భయం లేదు. ఈ నెలల్లో పిగిలిపిట్టలు గూళ్ళు కట్టుకుంటాయి. మనిషికి భయపడి దూరంగా పోతాయనుకుంటాం, తీరా చూస్తే వేలాడే మనీప్లాంటు కుండీలో, తలకు తగిలేంత ఎత్తున, అరచేతి వెడల్పు గూడు. గడ్డిపరకలు, సాలెగూటి పోగులు, ఒకచోట బ్రెడ్డు ప్యాకెట్ కవరు ముక్క కూడా చూశాను. రెండు మూడు గుడ్లు, గులాబీ రంగు మీద ఎర్రటి చుక్కలు. పొదిగేది రెండు వారాలు. ఆ రెండు వారాలూ ఆ కుండీకి నీళ్ళు పొయ్యాలా వద్దా అన్నది ప్రతి ఇంట్లో తగువు. అంచు వెంట చెంబుతో నెమ్మదిగా పోస్తే రెండూ బతుకుతాయి.

తాళం ఎవరి దగ్గర?

ఇంత చెప్పాక అసలు చిక్కు దగ్గరికి రావాలి. పాత రెండంతస్తుల ఇళ్ళు పోయి నాలుగైదు అంతస్తులు లేస్తున్నాయి. డాబా పైకి పోయింది, దానికి గ్రిల్లు, గ్రిల్లుకు తాళం. పైన సింటెక్స్ ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, ఓనరు పాత సోఫా. ఈ పేటలో అద్దెకుండేవాళ్ళే ఎక్కువ: కోచింగ్ పిల్లలు, ఆస్పత్రుల్లో చేసే నర్సులు, బట్టల కొట్ల సేల్స్‌గర్ల్స్. పగలంతా రేకుల గదిలోనో కిటికీ లేని గదిలోనో ఉడికేది వాళ్ళే, సాయంత్రం గాలి ఎక్కువ కావాల్సిందీ వాళ్ళకే. తోటపని మీద రాసే మనందరం ఏ మట్టి, ఏ ఎరువు అని పేజీలు నింపుతాం గానీ, డాబా మెట్లెక్కనిస్తారా అన్నది అందరికంటే ముందు అడగాల్సిన ప్రశ్న. ఓనర్లనూ పూర్తిగా తప్పుపట్టలేం. స్లాబు ఒకసారి కురవడం మొదలైతే మరమ్మతు ఖర్చు వాళ్ళ నెత్తినే పడుతుంది.

అయినా బేరం కుదురుతుంది. మూడో అంతస్తులో అద్దెకున్న ఒక నర్సమ్మాయి మల్లెమొక్క పెట్టుకుంటానని అడిగినప్పుడు ఓనరమ్మ ముందు ససేమిరా అంది. “గవన్ని పైన పెడ్తె స్లాబ్ కురుస్తది బిడ్డా.” ఇనప స్టాండు మీద పెడతానని, కింద నీళ్ళు కారకుండా టబ్బు పెడతానని, పిట్టగోడ పక్కనే ఉంచుతానని ఆ పిల్ల ఒప్పించింది. ఆవిడ కాసేపు ఆలోచించి, తాళంచెవి ఇస్తూ షరతు పెట్టింది.

“సరే గని, శుక్రారం శుక్రారం దేవుని పటానికి ఒక మూర ఇయ్యాలె.”

“ఎవరి మూరతో ఆంటీ?”

“నా మూరతోనే.”